వదులు బోల్టు

“చాలదు. ఇంకా తవ్వాలి,” అంది లవాన్, గుంటలోంచి టేపు పైకి లాగుతూ.

“ఇంకా తవ్వితే పాతాళంలో వాళ్ళు అద్దె అడుగుతారండీ,” అన్నాడు ఓర్విల్.

“అడిగితే ఇచ్చుకోండి. పునాది పైపైన ఉంటే చలికాలంలో నేల గడ్డకట్టి, మీ గుంజని పన్ను పీకినట్టు పైకి లేపేస్తుంది.”

ఉత్తర విస్కాన్సిన్‌లో ఆ మాట అబద్ధం కాదు. జనవరిలో అక్కడ ఎలుకలు కూడా ఉన్ని మేజోళ్ళు తొడుక్కుంటాయని చెప్పుకుంటారు.

ఓర్విల్ ఇంటి వెనక గుంజల మీద నిలబెట్టిన పెద్ద చెక్క అరుగుంది. అందరూ డెక్ అంటారు. భార్య పోయాక దాని మీద కూర్చునే తోడు లేదు. కిందటి వేసవిలో, కట్టడాలు తనిఖీ చేసే లవాన్ కౌంటీ ఆఫీసు జీపులో వచ్చి, గుంజల్ని తట్టి చూసి, ఇప్పటి నిబంధనల ప్రకారం కింద ఆసరాలన్నీ మార్చాల్సిందేనని తేల్చింది. ఈలోగా మంచు పడి పని ఆగింది. వసంతం రాగానే తన ఎర్ర పికప్ ట్రక్కులో, కుక్కని వెంటేసుకుని మళ్ళీ దిగింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం వస్తోంది. గుంజ కాంక్రీటుకి ఆనకూడదు, మధ్య ఇనుప పీట ఉండాలంటుంది. గోడకి దూలాన్ని మేకులతో కొడితే చెల్లదు, బోల్టులు బిగించాలంటుంది. ఆనక తిరగేసిన బకెట్ మీద కూర్చుని కాఫీ తాగుతుంది.

“ఈసారి ఎప్పుడొస్తారో ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోనా?” అని ఓర్విల్ ఒకసారి అడిగాడు.

“దండగ. నేనే వస్తాగా,” అంది.

పక్కింటి డ్వేన్ కంచె మీద మోచేతులాన్చి వినోదం చూసేవాడు. “ఆవిడకి నోవా ఓడ చూపించినా మేకులు పీకి బోల్టులు వేయమంటుందోయ్. నీ డెక్ ఈ జన్మకి పాసవదు.”

ఓర్విల్ బాధ అది కాదు. పాసయితే ఆమె రాదు. అందుకే శుక్రవారం సాయంత్రం స్పానర్ పట్టుకెళ్ళి, తను బిగించిన బోల్టునే కాస్త వదులు చేసేవాడు. మర్నాడు లవాన్ దాన్ని వేలితో కదిపి, “ఇదేమిటి మళ్ళీ?” అనేది.

“చేతుల్లో పట్టు తగ్గిందండీ,” అనేవాడు.

ఒక శుక్రవారం ఆ పని కానిచ్చి ఓర్విల్ బజారుకెళ్ళినప్పుడు డ్వేన్‌కి జాలేసింది. స్పానర్ తెచ్చి బోల్టులన్నీ బిర్రుగా బిగించేశాడు. మర్నాడు లవాన్ ఒక్కొక్కటే కదిపి చూసింది. రెండోసారి కూడా చూసింది.

“బాగానే ఉంది,” అంది, బాగాలేనట్టు. కాఫీ చల్లారేదాకా తాగింది. డెక్ పాసైనట్టు తనిఖీ కార్డు మీద సంతకం పెట్టమని డ్వేన్ కంచె మీంచి అడిగితే, “తర్వాత చూద్దాం,” అని కుక్కని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

సోమవారం ఓర్విల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కౌంటీ ఆఫీసుకి వెళ్ళాడు.

“లవాన్ గారిని ఇంకోసారి పంపాలమ్మా. ఒక బోల్టు వదులైంది.”

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. “ఈ ఏడు మీ ఇంటికి మావాళ్ళెవరూ రాలేదండీ.”

“అదేంటమ్మా, ప్రతి శనివారం వస్తూంటేనూ.”

“శనివారం మాకు సెలవండీ.” ఆ అమ్మాయి తలెత్తి చూసింది. “లవాన్ గారు కిందటి అక్టోబరులోనే రిటైరయ్యారు.”