జెస్సీ కోసం ప్రార్థన

రాజోలులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే ఎలీసమ్మ చీర కొంగు ముఖం మీదికి లాక్కుంది. అప్పటికింకా ఎండేమీ లేదు.

"అలా ముసుగేసుకుంటేనే అందరూ చూస్తారు అత్తయ్యగారూ," అంది కోడలు జెస్సీ. ఆమె ఒళ్ళో లావుపాటి ఆస్పత్రి ఫైలు. పైన పేరు కనబడకుండా పాత క్యాలెండరు కాగితంతో దానికి అట్ట వేసింది.

తాటిపాకలో సువార్తమ్మగారు బస్సెక్కారు. ఎలీసమ్మ కొంగు ఇంకాస్త కిందికి లాక్కుంది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడే. ఆవిడ చెవిన పడిన సంగతి ఆదివారం ఆరాధన ముగిసేలోగా ఊరంతా తిరిగొస్తుంది.

"ఆస్పత్రికేనా టీచరుగారూ?"

ఎలీసమ్మ కిటికీ వైపు తిరిగింది.

"ఆయ్, రాజమండ్రికండి," అంది జెస్సీ.

"మూడుసార్లు పోయిందన్నేరు కదమ్మా. మళ్ళీనా?"

"ఈసారి కొత్త వైద్యమండి. గర్భసంచి లోపలి పొర పలచగా ఉందంటండి. రక్తం తీసి, మిషన్లో గిర్రున తిప్పి, పైన తేరిన పసుపు నీళ్ళు లోపల పెడతారంటండి. ఖాయమని డాక్టరమ్మగారు చెప్పలేదు గానీ, చూద్దామన్నేరండి."

"రక్తం ఎవరిదైనా పరవాలేదా? పోనీ మీ అత్తగారిస్తారు."

"కుదరదండి. ఎవరి గర్భానికి వాళ్ళ రక్తమేనండి."

సువార్తమ్మగారు జెస్సీ నెత్తిన చెయ్యి పెట్టి, నడుస్తున్న బస్సులోనే కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఈ బిడ్డ గర్భాన్ని తెరువు తండ్రీ..." అని గొంతెత్తేసరికి కండక్టరు కూడా టిక్కెట్లు కొట్టడం ఆపి తల దించుకున్నాడు. జెస్సీ "ఆమెన్" అంది. ఎలీసమ్మ ఆమె ఒళ్ళోని ఫైలు వైపే చూస్తూ ఉండిపోయింది.

నిరుడు, మొదటిసారి పోయినప్పుడు, ఉపవాస ప్రార్థనలో విన్నపం చీటీ రాసింది ఎలీసమ్మే. 'గర్భఫలం కొరకు' అని రాసి, పేరు దగ్గరికొచ్చేసరికి కలం ఆపేసింది.

"నా పేరు రాసెయ్యండి, పరవాలేదు," అంది జెస్సీ.

రాసేసింది. ఆ వారం నుంచీ ఊళ్ళో సీమంతాలకు జెస్సీని పిలవడం మానేశారు. పసిపిల్లల్ని ఆమె చేతికివ్వడమూ మానేశారు. జెస్సీ భర్త ఫిలిప్‌కి విశాఖపట్నంలో ఉద్యోగం, నెలకి రెండ్రోజులే వస్తాడు. ఆ ముక్క ఎవరికి గుర్తుంటుంది? 'గొడ్రాలు' అన్న మాట మాత్రం బాగా గుర్తుంటుంది జనానికి. ఒకరోజు కుళాయి దగ్గర ఆ మాట ఎలీసమ్మే స్వయంగా వింది. విని, బిందె కూడా నింపుకోకుండా ఇంటికొచ్చేసింది.

టీచరు జీతమూ, పెళ్ళీడూ తమ్ముళ్ళ చదువులకు ధారపోసిన మనిషి ఆమె. నలభై రెండో ఏట, భార్య పోయిన ప్రభాకరరావు మాస్టారిని పెళ్ళాడి ఈ ఇంటికొచ్చింది. అప్పుడూ జనం నవ్వారు. మరుసటేడే ఆయన కొడుకు ఫిలిప్ పెళ్ళి దగ్గరుండి చేసింది. ఆ ఇంట్లో ఒక ఉయ్యాల ఊగాలన్నది ఆమె ఆశ. ఆశ తనది, నింద కోడలిది. అది తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతోంది.

రాజమండ్రిలో మాస్టారు అప్పటికే ముందు బస్సులో వచ్చి, ఆస్పత్రి ఎదుట టీ కొట్లో పేపరు వెనకాల దాక్కుని ఉన్నారు. "మీరు పదండి. అవసరమైతే పిలవండి," అన్నారు పేపరు దించకుండానే. పిల్లలకి పాఠాలు చెప్పే గొంతు కాదది.

మెట్ల మీద ఎలీసమ్మ ఆగిపోయింది.

"ఇంక చాలమ్మా, వెళ్ళిపోదాం. నిన్నిన్ని మాటలు పడనిచ్చేను. దేవుడు కూడా క్షమించడు."

"మాటలకేముందండి, మనం బిడ్డనెత్తుకుని వెళ్తే అవే మారతాయి," అంది జెస్సీ. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

గదిలో కొత్త నర్సు. ట్రేలో గొట్టాలు సర్దుకుని, రబ్బరు పట్టీ తీసుకుని తిన్నగా జెస్సీ దగ్గరికొచ్చింది.

"రక్తం తియ్యాలి. చెయ్యి చాపమ్మా," అంది.

ఎలీసమ్మ తలెత్తలేదు.

జెస్సీ నవ్వి, ఫైలు మీది కాగితం తొలగించి ఎలీసమ్మ పేరు చూపించి, పక్కకు జరిగి, అత్తగారి ముంజేతి వాచీ మెల్లగా విప్పి, ఆ చేతిని నర్సు ముందు పెట్టింది.