ఒళ్లు విదల్చని మేకపోతు

మూడోసారి నీళ్లు చల్లారు. మేకపోతు ఒళ్లు విదిలించలేదు.

సూరత్ పక్కన జోల్వాలో సోమలింగం మగ్గాల షెడ్డు ముందు డప్పులు ఆగిపోయాయి. పోచమ్మకు బోనం పెట్టే రోజు. పసుపునీళ్లు పడగానే పోతు ఒళ్లు విదిలిస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు. తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన నేతవాళ్లు ఊరు వదిలారు గానీ ఈ లెక్క వదల్లేదు.

పోతు తల వేలాడేసుకుని నిలబడింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"చూడుండ్రి, యాట ఏడుస్తుంది," అన్నాడు పూజ చేయించే బుచ్చిరాములు. "ఈ షెడ్డుల ఎవరో తప్పు జేసిండ్రు. ఒప్పుకునేదాక అమ్మ కదలది."

సోమలింగం చేతులు కట్టుకుని అందరినీ ఒకసారి చూశాడు. ఆరు నెలలుగా షెడ్డులో నూలు కోన్లు మాయమవుతున్నాయి. పనిచేసే పదకొండు మందీ చుట్టాలే. అడిగితే ప్రతివాడూ పోచమ్మ మీద ఒట్టేశాడు. ఒకడిని అనుమానిస్తే పదిమంది పని మానేసి పోతారు. ఊరుకుంటే దీపావళికల్లా షెడ్డు మూసుకోవాలి. ఎటు తూచినా నష్టమే.

భార్య రాజమ్మ చెవి దగ్గర సణిగింది. "తానుల ఒక్క పోగు తెగితే కనిపెడ్తవ్. గీ పోతు ముక్కు కారుడు కనవడలేదా? యాడ దొరికింది నీకిది?"

"జర సబర్ జెయ్యి," అన్నాడు సోమలింగం.

నాలుగోసారి చల్లారు. పోతు దగ్గింది. అంతే.

మొదట బెదిరింది బుచ్చిరాములే. "నాదే తప్పు కావచ్చు. ఒక్కపొద్దుండి పొద్దుగాల బండి మీద లోచో టిఫిన్ తిన్న. ఒక్క ప్లేటే."

"బటర్ ఏయించుకున్నవా, తాతా?" అని ఎవరో అడిగారు. ఆయన మూతి తుడుచుకున్నాడు.

రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆడిబిడ్డ పట్టుచీర పోయిందన్నరు సూడు, అది నా పెట్టెల్నే ఉన్నది."

"నాకెరికే వదినె," అంది ఆడబిడ్డ సుమన.

పోతు కదల్లేదు.

అందరికన్నా గట్టిగా ఒట్టేసింది బామ్మర్ది శివకృష్ణ. ఇప్పుడు అతని చొక్కా చెమటకు తడిసిపోయింది. చటుక్కున సోమలింగం కాళ్ల మీద పడ్డాడు.

"బావా, కోన్లు నేనే పాండేసర బజార్ల అమ్ముకున్న! ఇగ ఎన్నడు జెయ్య. అమ్మకు జర నువ్వే చెప్పు బావా!"

సోమలింగం అతన్ని లేపి పక్కన కూర్చోబెట్టాడు.

"ఇగ చల్లుండ్రి," అన్నాడు బుచ్చిరాములు ధీమాగా.

చల్లారు. పోతు మోకాళ్ల మీద కూలబడింది.

బోనాలు చూడటానికి హజీరా నుంచి వచ్చిన మధులత జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆమె పశువుల డాక్టరు. పోతు నోరు తెరిచి చూసింది. చిగుళ్ల నిండా పుండ్లు.

"దీనికి పారుడు రోగం బాబాయ్! వైరస్. ఈ జ్వరంలో నిలబడటమే గొప్ప, ఇంక విదిలించేదెక్కడ?"

"అంటే... గిది అమ్మ కోపం కాదా?" అన్నాడు శివకృష్ణ నీరసంగా.

"మనుషులకు అంటదు. కానీ మేకలూ గొర్రెలూ ఒకదాని దగ్గు తగిలితే ఇంకోటి పడిపోతాయి. దగ్గర్లో వేరే మేక ఏదైనా ఉందా బాబాయ్?"

సోమలింగం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గా భయంతోనే బిడ్డా, అమ్మకిచ్చే అసలు పోతును దీని గాలి తగలకుంట మూడు దినాల కిందనే దూరంగ పర్వత్ పాటియాల కట్టేసి వచ్చిన."