పడవ లేని పుస్తకం

"పిల్లకింకా చెప్పలేదు టీచరుగారూ. సముద్రం ఊసు మాత్రం ఎత్తమాకండి" అని, నాలుగేళ్ల పావనిని అంగన్‌వాడీలో దింపి వెళ్లిపోయింది వాళ్లమ్మ. వేటకెళ్లిన పావని నాన్న పడవ బోల్తాపడి పది రోజులైంది. మనిషి ఆచూకీ లేదు.

నాగాయలంక దగ్గరి ఆ పల్లెలో రేవతి ఆరేళ్లుగా పిల్లలకు పాటలు నేర్పుతోంది. ఆ ఉదయం ఏ పాట నోటికొచ్చినా అందులో చేపో, వలో, గాలివానో ఉంది. పాటలు మానేసి, బీరువాలోని పుస్తకాలన్నీ కింద పోసుకుంది. పడవ బొమ్మ ఉన్నవి తీసేసింది. చేపలవి తీసేసింది. సాయంత్రం నాన్న ఇంటికొచ్చే కథ ఒకటుంటే అదీ తీసేసింది. చివరికి రైలు పుస్తకం మిగిలింది. దివిసీమకు రైలే లేదు కాబట్టి భయం లేదనుకుంది.

పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని చదివింది. రైలు కొండెక్కింది, సొరంగంలో దూరి కూత పెడుతూ బయటికొచ్చింది. పావని కూడా నవ్వింది.

"టీచర్, ఈ రైలు మనూరు వచ్చిద్దా?"

"రాదమ్మా. బందరు దాకానే."

"అయితే మా నాన్న బందర్లో దిగుతాడా?"

రేవతి ఉలిక్కిపడింది. "ఎవరు చెప్పారే?"

"పడవ పాడైపోయిందంట, అమ్మ చెప్పింది. ఇంక రైల్లోనే గదా రావాలి."

రేవతి గబగబా పేజీ తిప్పింది. అక్కడ ఒక స్టేషను. రైల్లోంచి జనం దిగుతున్నారు.

పావని లేచొచ్చి, పుస్తకం మీదికి వంగి, ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి చూడసాగింది. రేవతి ఆ పేజీ తిప్పలేకపోయింది, పుస్తకం మూయనూ లేకపోయింది.