ఉప్పు సాల్లేదు

“ఉప్పు సాల్లేదే,” అన్నాడు దాలయ్య, నమిలిన ముద్దను గిన్నెలోకి ఉమ్మేసి.

చిలకమ్మకు ఒళ్లు మండింది. గాజువాక బజారులో గంటసేపు బేరమాడి తెచ్చిన వంజరం అది. మసాలా నూరి, పులుసు పెట్టి, ముల్లు తీసి మరీ కలిపి పెడితే, మొగుడుగారు ఒక్క ముద్ద నమిలి వంక పెట్టాడు.

మింగే యోగం అతనికి లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఆటోనగర్ షెడ్డులో లారీల బ్యాటరీ పనికి తెరిపి ఉండేది కాదు. ఎనిమిది నెలల కిందట పని హడావిడిలో, నీళ్లనుకుని యాసిడ్ సీసా ఎత్తి తాగాడు. అన్నం దిగే దారి మూసుకుపోయింది. డాక్టరు గురునాథరావు పొట్టకు చిన్న కన్నం చేసి, లోపలికి రబ్బరు గొట్టం పెట్టారు. అప్పట్నుంచి పాలైనా జావైనా ఆ గొట్టంలోనే పోయాలి.

మొదట్లో చిలకమ్మ కూడా జావే తాగింది. మొగుడు తినలేని కూడు ఆమెకు సహించలేదు. ఎముకల గూడైపోయింది. తినకపోతే నీకూ మంచమేనని దాలయ్య ఎదుటే డాక్టరు మందలించినా వినలేదు.

ఆ తర్వాత దాలయ్యకు నోటి చపలత్వం పట్టుకుంది. రోజూ చేపో గుడ్డో వండాలి, నోట్లో పెట్టాలి, వంక వినాలి.

“ఇంకో ముద్ద నవులు మావా.”

“నాకొద్దు. నువ్వే తినీ.”

“నువ్వు పేర్లెట్టిన కూర నాను తినాలేటి?”

“కూడు పారేత్తే పాపం. నా ఎదరే తినీ.”

గొట్టంలో జావ పోసి, మూత బిగించి, కంచం ముందుకు లాక్కుని కోపంగా తింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

మర్నాడు ఉక్రోషం కొద్దీ గుప్పెడు ఉప్పు వేసి పెట్టింది.

దాలయ్య నింపాదిగా నమిలాడు. “ఉప్పు సాల్లేదే.”

ఆమె కాస్త నాలుక మీద వేసుకుని, థూ అని ఉమ్మేసింది.

“ఏటే, తినవేటి?” అన్నాడు దాలయ్య కంగారుగా.

“నాను సావాలేటి నీ కోసం?” కంచం అక్కడే వదిలేసి, సంచిలో రెండు చీరలు కుక్కుకుని బస్సెక్కింది. దారిలో ఆసుపత్రి దగ్గర దిగింది.

“గొట్టంలో జావ పొయ్యడానికి ఇంకెవర్నైనా సూడండి బాబూ. నాను కన్నోరింటికి పోతన్నాను.”

“ఏమైందమ్మా?” అన్నారు గురునాథరావు, ఏదో రాసుకుంటూనే.

“ఆ మడిసి నాలుక్కి నాను వండలేను. ఏటి వండినా ఉప్పు సాల్లేదంటాడు. గుప్పెడేసినా అదే మాట. నన్ను ఏడిపించడానికే బాబూ.”

డాక్టరు కలం ఆపారు. “ఉప్పు చాల్లేదన్నాడా?”

“రోజూ అంతే.”

“అని, ఆ కూర ఏం చేస్తాడు?”

“ఏటి సేత్తాడు, ఎదర కూకోబెట్టి నా సేత తినిపిత్తాడు.”

గురునాథరావు ఆమెకేసి చూశారు. చెంపలు నిండాయి, చేతికి గాజులు మళ్లీ బిగుతుగా ఉన్నాయి.

“యాసిడ్ తాగిన రోజు నుంచీ అతని నాలుకకు ఏ రుచీ తెలీదమ్మా.”