ముందు అమ్మేవాళ్ళెక్కాలి

"ముందు మీరెక్కండి. తర్వాత నేనెక్కుతాను" అన్నాడు రాయిస్.

నెల్డా తన పికప్ ట్రక్కులోంచి దిగలేదు. కిటికీ అద్దం మాత్రం ఇంకాస్త దించింది.

"పొద్దున్నించీ నడుం పట్టేసింది నాయనా. నువ్వే ఎక్కి చూసుకో."

ఓక్లహోమాలో గుర్రాల బేరం తెలిసినవాడెవడూ ఆ మాట నమ్మడు. అమ్మే మనిషి ముందు సవారీ చేసి చూపించాలి. చూపించలేదంటే గుర్రంలో ఏదో లోటుందన్నమాట. అక్కడ పాలు తాగే పిల్లల్ని అడిగినా ఇదే చెబుతారు.

నెల్డా గుర్రం సండేలో ఏ లోటూ లేదు. ఆదివారంలా తీరుబడిగా నడుస్తుందనే దానికా పేరు. కుదుపు లేని మెత్తని సవారీ పోటీల్లో వరసగా నాలుగేళ్ళు బహుమతి రిబ్బన్లు తెచ్చింది. పొరుగింటి డెల్ పొద్దున్నే దానికి జీను కట్టి, నెల్డా ట్రక్కుని దడి లోపల నిలిపి, తన పనికి తను పోయాడు.

ఇవాళ ఎవరూ కొనకపోతే రేపు దాన్ని వేలానికి తోలాల్సిందే. పద్దెనిమిదేళ్ళ గుర్రాన్ని వేలంలో పాడుకునేది కబేళా వాళ్ళే. సోమవారం నెల్డా తుల్సాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. మెట్లు లేని చిన్న ఇల్లు. అక్కడ గుర్రానికి చోటెక్కడ?

మొదట వచ్చినాయనకి నిజం చెప్పేసింది. ఆయన గుర్రం మొహమైనా చూడకుండా వెనక్కి తిరిగాడు. దానికీ గుర్రానికీ సంబంధం లేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. అందుకే రెండో ఆయనకి చెప్పలేదు. ఆయన ఎక్కి, మడమలతో డొక్కలో పొడిచాడు. సండే గుంజలా నిలబడింది.

"పొడవకండి, నోటితో చెప్పండి" అని నెల్డా అరుస్తూనే ఉంది.

"ఉత్త మొద్దు" అనేసి ఆయనా పోయాడు.

రాయిస్ మూడోవాడు. నాలుగో మనిషి లేడు.

"మా ఆవిడ కిందటేడు గుర్రం మీంచి పడింది" అన్నాడు రాయిస్. "మళ్ళీ ఎక్కాలంటే వణికిపోతోంది. మీరేమో కాలు కింద పెట్టకుండా గుర్రాన్ని అమ్మేద్దామంటారు. పెంచిన మీకే భయమైతే, ఆవిణ్ణెలా ఎక్కించనమ్మా?"

"భయమా? సండే అంటేనా?"

"మరి ఎక్కండి."

నెల్డా ఫ్లాస్కు మూతలో మిగిలిన కాఫీ గుక్కెడు తాగింది. డాక్టరు చక్కెర మాన్పించి పన్నెండేళ్ళయినా ఆ చేదు ఆమెకి అలవాటు కాలేదు.

రాయిస్ టోపీ సర్దుకుని, గేటు బయటున్న తన బండి వైపు నడిచాడు. సన్నగా వాన మొదలైంది.

నెల్డాకి ఏడుపొచ్చింది. దాంతోపాటే ఒళ్ళు మండింది. ఒళ్ళోని దుప్పటి తీసి అవతల పడేసింది. గుర్రాలెక్కేవాళ్ళు వేసుకునే పొడుగాటి వానకోటు తగిలించుకుని, టోపీ పెట్టుకుంది. తలుపు తీసి ఈల వేసింది. సండే వచ్చి, ఎప్పటిలాగే సీటుకి ఒరుసుకుని నిలబడింది. ఆమె రెండు చేతులతో జీను కొమ్ము పట్టుకుంది.

రాయిస్ బండి ఎక్కబోతూ వెనక్కి చూసేసరికి ఆమె గుర్రం మీద ఉంది. కోటు అంచులు అటూ ఇటూ జీనంతా కప్పేశాయి.

"నడు" అంది. సండే నడిచింది. నెల్డా నాలుకతో టక్కుమనిపించింది. సండే చిన్న పరుగందుకుంది. కళ్ళెం వదులుగా వేలాడుతోంది. బురదలో రెండు చుట్లు తిరిగినా, ఆమె టోపీ అంచున నిలిచిన వాన నీళ్ళు ఒలకలేదు.

రాయిస్ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఇంత హాయిగా సవారీ చేస్తూ ఇందాకటి నుంచీ ఎందుకమ్మా ఏడిపించారు?"

"బేరం ఖాయమేనా?"

"ఖాయం."

ఆమె కిందికి చెయ్యి చాపింది. అతను గట్టిగా కలిపాడు. చెయ్యి కలిపాక మాట తప్పినవాడికి ఆ చుట్టుపక్కల కోడిపిల్లనైనా ఎవరూ అమ్మరు.

"ఇక దిగండి, నేను పట్టుకుంటాను" అంటూ రాయిస్ రికాబులోంచి ఆమె కాలు విడిపించడానికి వానకోటు అంచు పైకెత్తాడు.

రికాబు ఖాళీగా ఊగుతోంది, నెల్డాకి మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ లేవు.