సాయంత్రానికి మందులు సిద్ధం

"ఎదురు షాపులో ఇరవై శాతం తగ్గింపట," అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు, బల్ల మీద కూలబడుతూ.

"నా దగ్గరా అంతే. చీటీ ఇచ్చి వెళ్లండి, సాయంత్రానికి మందులు సిద్ధం," అన్నాడు మందుల షాపు పెద్దాయన.

"ఇదివరకు అడగ్గానే చేతిలో పెట్టేవారు!"

"ఇప్పుడు ఏ రోజు సరుకు ఆ రోజే తెప్పిస్తున్నా."

"ఆ ధరకి మీకెలా గిట్టుబాటవుతుందండీ?"

"అవుతుందిలెండి."

కాదని వీధంతటికీ తెలుసు. ఎదుటి అద్దాల షాపుకి కంపెనీ నుంచే లారీలు దిగుతాయి. ఈయన దాకా వచ్చేసరికి మధ్యలో ముగ్గురు తలా కాస్త లాభం వేసుకుంటారు. ఎదుటి షాపు అమ్మే ధర కంటే ఈయన కొనే ధరే ఎక్కువ. అయినా షాపు మూయడానికి మనసొప్పడం లేదు.

ఒకప్పుడు ఈ బల్ల మీద చోటు దొరికేది కాదు. మందు తనే కలిపి, సీసాకి మోతాదు గుర్తులు కత్తిరించిన కాగితం అతికించేవాడు. ఆ తియ్యటి ఎర్రమందు కోసం పిల్లలు లేని దగ్గు తెచ్చుకునేవారు. తెలిసీ ఓ చెంచాడు పోసేవాడు. లాభం పోతే పోయింది, ఈ మనుషులు రాకపోతే మాత్రం తట్టుకోలేడు.

ఇంతలో ఎదుటి షాపు మేనేజరు రోడ్డు దాటి వచ్చాడు.

"పెద్దాయనా, మావాళ్లు మీ షాపు మంచి రేటుకి కొంటామంటున్నారు. ఎందుకీ తంటా?"

"అమ్మను బాబూ."

"మీ ఇష్టం. మీ ఖాతాదార్లు ఎవరూ మా మెట్లెక్కకపోయినా నాకు బాధ లేదు. ఓ పెద్దావిడ ఉన్నారు, ఆవిడొక్కరు చాలు. రోజూ మధ్యాహ్నం వీధిలో వాళ్ల చీట్లన్నీ పోగేసుకొచ్చి, సంచి నిండా మందులు పట్టుకెళ్తారు. మీ ఊసెత్తితే చాలు, ‘ఆ మనిషికి వయసొచ్చింది గానీ వ్యాపారం రాలేదు నాయనా’ అని దులిపేస్తారు!"

పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేనేజరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మాస్టారికి ఒళ్లు మండింది. "ఎవరండీ ఆవిడ, మిమ్మల్ని అంతేసి మాటలనడానికి?"

పెద్దాయన పొద్దుటి చీట్లన్నీ జేబులో పెట్టుకుని, భోజనానికి ఇంటికి బయల్దేరుతూ చెప్పులేసుకున్నాడు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ అంటూనే ఉంది మాస్టారూ."