మూడో అధ్యాయం

“ఈ మూడో అధ్యాయం ఎవరు రాయమన్నారమ్మా?”

పీహెచ్‌డీ వైవా గదిలో, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ థీసిస్‌ని బల్లమీద పడేశాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి తన గైడు వంక చూసింది. గైడు కిటికీ వంక చూశాడు.

“ఇల్లు సోదా చేయాలంటే వారెంటు కావాలంది అమెరికా రాజ్యాంగం. రాసినవాళ్లకి ఫోన్లు తెలియవు కాబట్టి ఫోన్‌కి ఆ రక్షణ లేదంటావు. అంతేనా?”

“అంతే సార్. రాసినవాళ్ల ఉద్దేశమే ప్రమాణం.”

“వాళ్ల ఉద్దేశం నీకెలా తెలిసింది? కల్లోకొచ్చి చెప్పారా? ఇవాళ మనిషి గుట్టు బీరువాలో ఉందా, జేబులో ఉందా?”

ఆ అమ్మాయి మొదట రాసింది సరిగ్గా ఇదే, ఫోన్‌కీ ఆ రక్షణ ఉండాలని. గైడు రాసిన పుస్తకాలు చెప్పేదీ ఇదే. ‘వచ్చే ఎగ్జామినర్ పాతకాలం మనిషి. రాసినవాళ్ల ఉద్దేశమంటే చెవి కోసుకుంటాడు. డిగ్రీ కావాలంటే మార్చు’ అని పోరి తిరగరాయించిందీ గైడే. ఇప్పుడు ఆ ఎగ్జామినరే అడ్డం తిరిగాడు.

ఎగ్జామినర్ గైడు వైపు తిరిగాడు. “మీరైనా చెప్పలేదా మాస్టారూ?”

“చెప్పానండీ.” మాట దానంతటదే జారింది. “వింటేనా?”

అమ్మాయి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి తల దించుకుంది.

“అవును సార్. తప్పు నాదే.”

అధ్యాయం మార్చి మళ్లీ ఇమ్మన్నాడు ఎగ్జామినర్. అంటే డిగ్రీ ఆగింది. డిగ్రీ చూపిస్తేనే ఇస్తామన్న లెక్చరర్ ఉద్యోగమూ పోయినట్టే. ఆమె కాగితాలు సర్దుకుంది. “వెళ్లొస్తాను మాస్టారూ” అని మామూలుగానే చెప్పింది. గైడుకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

తలుపు మూసుకోగానే ఎగ్జామినర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “మా డీన్ పోస్టు సెలెక్షన్ కమిటీకి మీరే పెద్దటగా. నేనూ అప్లై చేశాను. కాస్త చూడాలి మరి.”

గైడు అది వినలేదు. “ఆ పిల్ల తప్పేం లేదండీ. నేనే మార్పించాను. మీకు నచ్చుతుందని.”

ఎగ్జామినర్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

“నాకు నచ్చింది మాస్టారూ. మీ పుస్తకాలు చదివి, మీకు నచ్చదేమోనని ఉతికేశాను.”